భూమధ్యరేఖ పక్కన మంచు: రువెంజోరీ పర్వతాల గురించి పిల్లలకు ఎలా చెప్పాలి?

పానగల్లు టీచర్:

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ దగ్గరి ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. ఆఫ్రికా ఖండం గురించి చెబుతున్నప్పుడు, అట్లాసులో ఉగాండా, కాంగో దేశాల సరిహద్దు మీద చిన్న తెల్లటి మచ్చగా కనిపించే రువెంజోరీ పర్వతాల దగ్గర మా తొమ్మిదో తరగతి పిల్లలు ఆగిపోయారు. భూమధ్యరేఖ ఆ పర్వతాలకు కొద్దిగా దక్షిణంగా, దాదాపు ఆనుకుని వెళ్తుంది. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ చూసే నల్లగొండ పిల్లలకు, మనకంటే భూమధ్యరేఖకు ఎంతో దగ్గరగా ఉన్న చోట మంచు ఉండటం అర్థం కావడం లేదు. ఎత్తుకు వెళ్లేకొద్దీ చల్లబడుతుందని చెప్పాను. ఆ ఒక్క మాటతో వారి సందేహం తీరలేదు, నిజానికి నాకూ తృప్తి కలగలేదు.

పిల్లలు అడిగినవి ఇవి. కిలిమంజారో లాగా రువెంజోరీ కూడా అగ్నిపర్వతమేనా? అక్కడ కాలాలు ఎలా ఉంటాయి, వర్షాకాలం మనలాగే జూన్‌లో మొదలవుతుందా? కొండ గొరిల్లాలు ఉండేది అక్కడేనా? ఆ మంచు కరిగిపోతే నైలు నది ఏమవుతుంది? పాఠ్యపుస్తకంలో ఈ పర్వతాలకు ఒక వాక్యం కూడా లేదు. వెళ్లి వచ్చినవారు గానీ, శ్రద్ధగా చదివినవారు గానీ వివరంగా చెబితే ఒక పూర్తి పీరియడ్ దీనికే కేటాయించాలని ఉంది.

గుట్టల బాట:

టీచర్ గారూ, మంచి ప్రశ్నలు. ముందు పుట్టుక గురించి చెబుతాను, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

రువెంజోరీ అగ్నిపర్వతం కాదు. ఆఫ్రికాలో ఎత్తులో మొదటి రెండు స్థానాల్లో ఉన్న కిలిమంజారో (5,895 మీటర్లు), కెన్యా పర్వతం (5,199 మీటర్లు) లావా పేరుకుని ఏర్పడినవి. మూడో స్థానంలో ఉన్న రువెంజోరీ శిఖరం మార్గరీటా (5,109 మీటర్లు) మాత్రం నైస్, గ్రానైట్ వంటి ప్రాచీన స్ఫటిక శిలలతో ఏర్పడింది. తూర్పు ఆఫ్రికా పగులు లోయకు పశ్చిమాన ఉన్న శాఖలో నేల చీలి ఇరుపక్కలా కుంగినప్పుడు, ఆ భ్రంశాల (నేల పొరల్లోని చీలికల) నడుమ ఒక పెద్ద శిలాఖండం పైకి లేచింది. మన పుస్తకాల్లో ఖండ పర్వతాలకు ఉదాహరణగా వోజెస్, బ్లాక్ ఫారెస్ట్ పేర్లు ఇస్తారు. నన్నడిగితే వాటికన్నా రువెంజోరీయే ఎంతో గొప్ప ఉదాహరణ. ఉత్తరాన ఆల్బర్ట్ సరస్సు, దక్షిణాన ఎడ్వర్డ్, జార్జ్ సరస్సులు, పడమటి పాదాన ఎడ్వర్డ్ నుంచి ఆల్బర్ట్‌కు ప్రవహించే సెమ్లికి నది, ఇవన్నీ కుంగిన నేలలో చేరిన నీళ్లే. నడుమ సుమారు 120 కిలోమీటర్ల పొడవున, గరిష్ఠంగా 50 కిలోమీటర్ల వెడల్పున ఈ శ్రేణి నిలబడి ఉంది.

మీ పిల్లలకు ఇక్కడ ఒక దగ్గరి పోలిక దొరుకుతుంది. నల్లగొండ, భువనగిరి, దేవరకొండ గుట్టల్లోని గ్రానైట్, నైస్ శిలలు కూడా సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. రువెంజోరీ శిలలు కూడా ప్రీకేంబ్రియన్ కాలానివే, అంటే 54 కోట్ల ఏళ్లకు ముందువే. తేడా ఆ తర్వాత జరిగినదానిలో ఉంది. మన ప్రాంతం కోట్ల ఏళ్లుగా పెద్దగా కదలికలు లేకుండా అరిగిపోతూ వచ్చింది. అందుకే ఇప్పుడు తెలంగాణలో వెయ్యి మీటర్లు దాటిన కొండ ఒక్కటి కూడా లేదు. రువెంజోరీ శిలలు పాతవే అయినా, పర్వతంగా వాటి వయసు కొద్ది మిలియన్ల ఏళ్లే. రాయి వయసు వేరు, కొండ వయసు వేరు అన్న సంగతి పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

ఇక ఉష్ణోగ్రత. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు సుమారు 6 డిగ్రీలు తగ్గుతుందని లెక్క వేయించండి. పర్వత పాదంలో ఉన్న కసేసే పట్టణం దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ సగటు ఉష్ణోగ్రత 24, 25 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. మార్గరీటా శిఖరం అక్కడికి మరో నాలుగు వేల మీటర్ల పైన ఉంది. తీసివేస్తే సున్నా డిగ్రీల దగ్గరికి వస్తారు. లెక్క పిల్లలే చేస్తే నమ్మకం కుదురుతుంది.

అయితే మన దగ్గర అంత ఎండ ఎందుకు, భూమధ్యరేఖ దగ్గరి మైదానంలో అంత ఎండ ఎందుకు లేదు అన్నది కూడా వారి సందేహంలో భాగమే అనుకుంటున్నాను. నల్లగొండ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే మొదటి పక్షంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పటికి పగలు పన్నెండు గంటలు దాటి పెరిగి ఉంటుంది, ఆకాశంలో మబ్బు ఉండదు, నేలలో తడి ఉండదు. పడిన ఎండంతా నేలను, గాలిని కాల్చడానికే సరిపోతుంది. భూమధ్యరేఖ దగ్గర పగలు ఏడాది పొడవునా పన్నెండు గంటలే. పైగా మేఘాలు, వర్షాలు, చెట్ల నుంచి లేచే తేమ ఆ వేడిని పెరగనీయవు.

కాలాల విషయానికి వస్తే, మనకు నైరుతి రుతుపవనాలతో ప్రధానంగా ఒకటే వర్షాకాలం. అక్కడ రెండు. మార్చి నుంచి మే వరకు ఒకటి, ఆగస్టు చివరి నుంచి డిసెంబరు మొదటి వారాల వరకు మరొకటి. సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు భూమధ్యరేఖను దాటుతాడు, ఆయన వెంటే మేఘాల పట్టీ కూడా దాటుతుంది. కాంగో పరీవాహక ప్రాంతం నుంచి, హిందూ మహాసముద్రం నుంచి వచ్చే తేమ గాలులు ఈ గోడకు తగిలి పైకి లేచి వర్షిస్తాయి. మన దగ్గర వెయ్యి మిల్లీమీటర్ల వాన పడిన సంవత్సరాన్ని ఎంతో మంచి సంవత్సరం అనుకుంటాము. రువెంజోరీ వాలుల మీద రెండు వేల నుంచి మూడు వేల మిల్లీమీటర్ల దాకా పడుతుంది. పొడి నెలలని చెప్పే జనవరి, జూలైలలో కూడా అక్కడ వాన పూర్తిగా ఆగదు.

అమ్రాబాద్ పక్షులు:

గుట్టల బాట గారు కొండ గురించి చెప్పారు, నేను దాని మీద బతికే వాటి గురించి చెబుతాను. నేను అచ్చంపేట వాడిని, నల్లమల అడవిలో పక్షులను చూడటం నా ఇష్టం. రువెంజోరీ మీద చాలా కాలంగా చదువుతున్నాను.

ముందుగా గొరిల్లాల సంగతి. కొండ గొరిల్లాలు రువెంజోరీలో లేవు. అవి దానికి దక్షిణంగా ఉన్న విరుంగా అగ్నిపర్వతాల మీద, ఉగాండాలోని బ్విండీ అడవిలో ఉంటాయి. రువెంజోరీలో ఉండేవి చింపాంజీలు, నలుపు తెలుపు రంగుల రువెంజోరీ కొలోబస్ కోతులు, మరికొన్ని కోతి జాతులు. కింది అడవుల్లో ఏనుగులు, పైదాకా తిరిగే చిరుతలు కూడా ఉన్నాయి. అయితే సవన్నా మైదానాల్లో లాగా జీపులో కూర్చుని జంతువులను చూసే చోటు కాదు ఇది. ఎక్కువ జంతువులు వినిపిస్తాయే తప్ప కనిపించవు. పిల్లలకు ఆఫ్రికా అంటే సింహం, జిరాఫీ అన్న భావన ఉంటుంది కాబట్టి ఈ మాట ముందే చెప్పడం మంచిది.

రువెంజోరీ అసలు వైభవం మొక్కల్లో ఉంది. మన అమ్రాబాద్ అడవి ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి. రువెంజోరీలో ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది, కానీ ఎత్తు మారేకొద్దీ అడవి స్వభావమే మారిపోతుంది. సుమారు 2,500 మీటర్ల దాకా దట్టమైన కొండ అడవి, అక్కడి నుంచి మూడు వేల మీటర్ల దాకా వెదురు. ఆ పైన హెదర్ మండలం. ఐరోపాలో మోకాలెత్తు పొదగా పెరిగే హెదర్‌కు బంధువులైన మొక్కలు ఇక్కడ పది మీటర్ల చెట్లు అవుతాయి. ప్రతి కొమ్మకూ నాచు దట్టంగా పట్టి ఉంటుంది, దాని నుంచి గడ్డాల్లాగా లైకెన్లు వేలాడుతుంటాయి. మనం బగారా అన్నంలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే కనుక, పిల్లలకు ఆ పదార్థం చేతికిచ్చి చూపించవచ్చు.

దాదాపు 3,800 మీటర్లు దాటాక వచ్చే ఆల్పైన్ మండలం చూసినవారెవరూ మరచిపోలేరు. అక్కడ పెద్ద మొక్కలు ముఖ్యంగా రెండు. ఒకటి జెయింట్ గ్రౌండ్‌సెల్, శాస్త్రీయంగా డెండ్రోసెనీసియో. ఇది బంతి, చామంతి, మన పొలం గట్ల మీది గడ్డిచామంతి ఉన్న కుటుంబానికి చెందినదే, కానీ అక్కడ మనిషిని మించిన ఎత్తులో లావాటి కాండంతో నిలబడుతుంది. రెండోది జెయింట్ లొబీలియా, నేల నుంచి నిలువుగా లేచే పూల స్తంభం.

ఇవి ఇలా ఎందుకు పెరిగాయన్నది పిల్లలకు తప్పకుండా చెప్పండి. అక్కడ వేసవి, శీతాకాలం అంటూ నెలల తేడా దాదాపు లేదు. తేడా అంతా పగటికీ రాత్రికీ మధ్యే. ప్రతి పగలు వేసవి, ప్రతి రాత్రి శీతాకాలం అని స్వీడన్ వృక్షశాస్త్రవేత్త ఓలోవ్ హెడ్‌బర్గ్ వర్ణించారు. హిమాలయాల్లోని మొక్కకు మంచు కాలమంతా నిద్రపోయే వీలుంది, ఇక్కడి మొక్కకు ఆ వీలు లేదు. పగలు పెరగాలి, అదే రోజు రాత్రి గడ్డకట్టకుండా తప్పించుకోవాలి. అందుకే గ్రౌండ్‌సెల్ తన ఎండుటాకులను రాల్చకుండా కాండం చుట్టూ దుప్పటిలా కప్పుకుంటుంది. చీకటి పడగానే పైనున్న ఆకుల గుత్తి లోపలికి ముడుచుకుని లేత మొగ్గను కాపాడుతుంది. కొన్ని లొబీలియాలు ఆకుల గిన్నెలో నీటిని నిల్వ చేస్తాయి. రాత్రి ఆ నీటి పైపొర మాత్రమే గడ్డకడుతుంది, అడుగున మొగ్గ క్షేమంగా ఉంటుంది.

ఆ లొబీలియా పూల దగ్గరికి వచ్చే పక్షి ఒకటుంది. ఛాతీ పక్కన ఎర్రటి కుచ్చులున్న, పొడవాటి తోకగల ఆకుపచ్చ తేనెపిట్ట. మన పెరట్లోని తేనెపిట్టల కుటుంబమే, కానీ నీళ్లు గడ్డకట్టే చలిలో బతుకుతుంది. అడవి భాగంలో రువెంజోరీ టురాకో ఉంటుంది. టురాకోల రెక్కల్లోని ఎరుపు రంగు రాగి కలిసిన వర్ణకం వల్ల వస్తుంది, ఇది మరే పక్షి కుటుంబంలోనూ లేదు. మగవాటికి మూడు కొమ్ములుండే ఊసరవెల్లి, ఎర్రటి రువెంజోరీ డూయికర్ అనే చిన్న జింక వంటి జంతువు, బండల మధ్య రాత్రంతా అరిచే హైరాక్స్ కూడా ఉన్నాయి. హైరాక్స్ చూడటానికి కుందేలంత ఉంటుంది, కానీ జీవశాస్త్రం ప్రకారం దానికి దగ్గరి బంధువు ఏనుగు.

ఉగాండా వైపు ఇదంతా 1991 నుంచి జాతీయ ఉద్యానవనం, 1994 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. విస్తీర్ణం దాదాపు వెయ్యి చదరపు కిలోమీటర్లు, అంటే మన అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సగం కూడా లేదు. కాంగో వైపు భాగం విరుంగా జాతీయ ఉద్యానవనంలోకి వస్తుంది.

పానగల్లు టీచర్:

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. రాతిపువ్వు ఆలోచన చాలా బాగుంది, రేపే తీసుకెళ్తాను. మంచు, నైలు ప్రశ్న మిగిలిపోయింది. హిమాలయాల్లో హిమానీనదాలు కరిగితే గంగకు ముప్పు అని పాఠంలో ఉంది. రువెంజోరీ విషయంలో కూడా అదే మాట చెప్పవచ్చునా? ఇంకొక సంగతి, ఆ కొండ మీద ఉండే మనుషుల గురించి కూడా తెలిసినవారు చెప్పగలరు.

మూసీ ఒడ్డు:

మేడం, ఆ మాట అలాగే చెప్పకండి. ఈ ఒక్క విషయంలో రువెంజోరీ హిమాలయాలకు భిన్నమైనది.

మంచు తగ్గిపోతున్నదన్నది నిర్వివాదం. 1906లో ఇటలీకి చెందిన అబ్రుజీ డ్యూక్ లూయిజి అమెడియో ఈ శ్రేణిలోని ప్రధాన శిఖరాలన్నీ ఎక్కారు. జూన్ 18న మార్గరీటాను చేరి, దానికి తమ దేశపు రాణి పేరు పెట్టారు. ఆయన వెంట వెళ్లిన విత్తోరియో సెల్లా తీసిన ఛాయాచిత్రాలు నేటికీ కొలమానంగా పనికివస్తున్నాయి, అదే చోట నిలబడి మళ్లీ ఫొటో తీస్తే ఎంత మంచు పోయిందో తెలిసిపోతుంది. అప్పట్లో ఆరు పర్వతాల మీదా మంచు ఉండేది: స్టాన్లీ, స్పీక్, బేకర్, ఎమిన్, జెస్సీ, లూయిజి ది సావోయా. మొత్తం సుమారు 6.5 చదరపు కిలోమీటర్లు. 2003 నాటికి అది ఒక చదరపు కిలోమీటరుకు పడిపోయింది, అది కూడా మొదటి మూడు పర్వతాల మీద మాత్రమే.

అయితే నది సంగతి వేరు. ఒక చదరపు కిలోమీటరు మంచు అంటే మన ప్రాంతంలోని ఒక మోస్తరు ఊర చెరువు విస్తీర్ణం. అంత మంచు నుంచి కారే నీరు, మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే పర్వతం నుంచి దిగే నీటిలో ఎంత? ఈ పర్వతాల నుంచి దిగే ముబుకు నదిలో పరిశోధకులు కొలిచి చూసినప్పుడు, పర్వత పాదానికి చేరే నీటిలో మంచు కరిగిన వాటా అతి స్వల్పమని తేలింది. రువెంజోరీ నదులను నడిపించేది వాన, ఆ వానను పట్టి నిదానంగా వదిలే అడవి, నాచు, ఊబి నేలలు. బిగో, బుజుకు అనే ఊబుల్లో తుంగ జాతి గడ్డి దుబ్బులుగా పెరుగుతుంది. నడిచేవారు ఒక దుబ్బు మీది నుంచి మరో దుబ్బు మీదికి దూకుతూ వెళ్లాలి, కాలు జారితే తొడలదాకా బురదే. ఈ తడి నేలలను అంతర్జాతీయ ప్రాధాన్యం గల రామ్‌సర్ స్థలంగా గుర్తించారు. అక్కడి నీరు సెమ్లికి ద్వారా, జార్జ్, ఎడ్వర్డ్ సరస్సుల ద్వారా చివరికి ఆల్బర్ట్ సరస్సుకు, అక్కడి నుంచి తెల్ల నైలుకు చేరుతుంది. క్రీస్తు శకం రెండో శతాబ్దంలోనే భూగోళ శాస్త్రవేత్త టాలమీ నైలు పుట్టుకను మంచుతో నిండిన చంద్ర పర్వతాలతో ముడిపెట్టాడు, ఆ పర్వతాలు రువెంజోరీయే అని చాలామంది నమ్ముతారు. ఆయన చెప్పిన దిశ సరైనదే. కానీ నీటి లెక్కలో మంచుకన్నా మబ్బుకే పెద్ద వాటా. నన్నడిగితే పిల్లలకు ఈ పర్వతాలను మంచు వైపు నుంచి కాకుండా నీటి వైపు నుంచి పరిచయం చేయాలి. చెరువుల కింద సేద్యం చేసే ఊళ్ల పిల్లలకు అది ఇంకా బాగా అర్థమవుతుంది.

అందుకే నాకు హిమానీనదాలకన్నా ఆ అడవి, ఊబి నేలల గురించి ఎక్కువ ఆందోళన. 2012 ఫిబ్రవరిలో పొడి రోజుల్లో హెదర్ మండలంలో మంటలు లేచి నాలుగు వేల మీటర్ల ఎత్తు దాకా వ్యాపించాయి. ఎప్పుడూ తడిగా ఉండే ఆ ఎత్తులో మంట అంటడమే అరుదు. మరుసటి ఏడాది మే నెలలో న్యామ్వాంబా నది పొంగి, రాగి గనులకు పేరొందిన కిలెంబే లోయను ముంచెత్తింది. 2020 మే నెలలో మళ్లీ వరదలు వచ్చాయి. వరదకు భారీ వర్షం ప్రధాన కారణమైనా, పైనున్న పచ్చదనం ఎంత నీటిని ఆపగలదన్నది కింది ఊళ్లకు చావు బతుకుల ప్రశ్న.

మనుషుల గురించి అడిగారు. వాలుల మీద ప్రధానంగా బకోంజో ప్రజలు ఉంటారు. కింది వాలుల్లో కాఫీ, ఇతర పంటలు పండిస్తారు. పర్వతం ఎక్కేవారికి దారి చూపేది, సామాను మోసేది కూడా వారే. మంచు శిఖరాల మీద కితసాంబ అనే దేవుడు ఉంటాడని వారి విశ్వాసం. నల్లమలలో చెంచులు సలేశ్వరం లింగమయ్యను కొలిచే తీరు తెలిసిన పిల్లలకు ఇది వింతగా తోచదు.

గుట్టల బాట:

మూసీ ఒడ్డు గారు చెప్పినదానితో నేను ఏకీభవిస్తున్నాను, ఒక్క విషయం జోడిస్తాను. మంచు ఎందుకు తగ్గుతోందన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య చర్చ నడిచింది. గాలి వేడెక్కడమే ప్రధాన కారణమని ఒక వర్గం వాదించింది. పంతొమ్మిదో శతాబ్దం చివర తూర్పు ఆఫ్రికాలో తేమ, మేఘాలు తగ్గడంతో, కప్పు తీసేసినట్టుగా ఎండ నేరుగా మంచుకు తగిలిందని, హిమం కురవడం కూడా తగ్గిందని మరో వర్గం వాదించింది. ఈ ఇరవై, ముప్పై ఏళ్ల తగ్గుదల గురించి మాట్లాడేటప్పుడు ఉష్ణోగ్రత పెరుగుదలను పక్కన పెట్టలేమని నా అభిప్రాయం. తొమ్మిదో తరగతికి రెండు కారణాలూ చెప్పడమే న్యాయం, ఒకే కారణం చెప్పి ముగిస్తే ప్రకృతి అంత సరళమని పిల్లలు అనుకుంటారు.

అమ్రాబాద్ పక్షులు:

టీచర్ గారూ, పిల్లల చేత బోర్డు మీద ఒక అడ్డుకోత పటం గీయించండి. ఎడమ పక్కన పశ్చిమాన సెమ్లికి లోయ, వెయ్యి మీటర్లకు లోపు. కుడి పక్కన కసేసే మైదానం, దాదాపు వెయ్యి మీటర్లు. నడుమ మార్గరీటా 5,109. నిలువు కొలతకు ఒక సెంటీమీటరుకు 250 మీటర్లు తీసుకుంటే బోర్డు మీద సుమారు ఇరవై సెంటీమీటర్లే అవుతుంది. అడ్డంగా 50 కిలోమీటర్లను కూడా అదే కొలతతో గీయాలంటే రెండు మీటర్లు కావాలి, కాబట్టి అడ్డుకొలత వేరుగా తీసుకోవాల్సి వస్తుంది. పటంలో వాలు అసలుకన్నా నిటారుగా ఎందుకు కనిపిస్తోందో అక్కడే వివరించవచ్చు. తర్వాత 2,500, 3,000, 3,800, 4,500 మీటర్ల దగ్గర గీతలు గీసి, ఒక్కో మండలానికి ఒక్కో రంగు వేయించండి. రెండు వాలుల మీదా గీతలు సరిగ్గా ఒకే ఎత్తున పడనవసరం లేదు, తేమను బట్టి అవి కొద్దిగా పైకీ కిందికీ జరుగుతాయి.